యూనిట్ - 9: పెరటి మొక్కల చరిత్ర - పంట, వంట, వైద్యం

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఆధారాలు: రాసినవి, రాయనివి
9.3 ప్రాచీన కాలంలో మూలికలు
9.4 పెరడు, వంటిల్లు, పథ్యం
9.5 సముద్రం మీదుగా వచ్చినవి
9.6 హోర్టస్ మలబారికస్
9.7 కోరమాండల్ తీరంలో వృక్షశాస్త్రం
9.8 పసుపు పేటెంటు వివాదం
9.9 అనుభవం, పరీక్ష
9.10 సారాంశం
9.11 కీలక పదాలు
9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు, క్షేత్ర అభ్యాసం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
1. పెరటి మొక్కల చరిత్రను తెలుసుకోవడానికి ఉన్న వివిధ ఆధారాలను వివరించగలుగుతారు.
2. మన ఇళ్లలో పంట, వంట, వైద్యం ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
3. 16వ శతాబ్ది నుంచి ఐరోపావారు ఈ జ్ఞానాన్ని ఎలా సేకరించారో, అందులో స్థానికుల పాత్ర ఏమిటో గుర్తించగలుగుతారు.
4. పసుపు పేటెంటు వివాదం నేర్పిన పాఠాన్ని చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

ఇంతకు ముందు యూనిట్లలో మీరు భూమి శిస్తు గురించి, వర్తక సంఘాల గురించి, ఆలయాల గురించి చదివారు. వాటన్నిటికీ శాసనాలు, దస్తావేజులు ఉన్నాయి. ఈ యూనిట్‌లో మనం ఇంటి వెనక్కి, పెరట్లోకి వెళుతున్నాం. అక్కడ శాసనం ఉండదు. ఒక కరివేప చెట్టు, తులసి కోట, జాలారు నీళ్లు పారే చోట నాలుగు పుదీన కాడలు, గోడ వారన ఒక అల్లం దుబ్బు ఉంటాయి. వీటికి చరిత్ర ఏముంటుందని మీకు అనిపించవచ్చు.

చరిత్ర ఉంది. ఈ మొక్కల్లో కొన్ని ఇక్కడే పుట్టాయి, కొన్ని సముద్రాలు దాటి వచ్చాయి. వీటి గుణాలు తెలిసినవారు ఉన్నారు, ఆ తెలిసినవారిని అడిగి పుస్తకాలు రాసినవారూ ఉన్నారు. చాలా సందర్భాల్లో ఈ ఇద్దరూ వేరువేరు మనుషులు. పుస్తకం మీద పేరు రాసినవారిదే నిలిచింది. తెలిసినవారి పేరు ఎక్కడ నిలిచింది, ఎక్కడ నిలవలేదు, దానివల్ల ఏం జరిగింది అన్నదే ఈ యూనిట్‌లో మనం చూడబోయే ప్రధాన విషయం.

9.2 ఆధారాలు: రాసినవి, రాయనివి

పెరటి మొక్కల చరిత్రకు నాలుగు రకాల ఆధారాలు ఉన్నాయి.

మొదటిది పురావస్తు ఆధారం. తవ్వకాల్లో దొరికిన మాడిన గింజలు, కుండల లోపలి గోడలకు అంటుకొన్న పిండి కణాలు, మనుషుల పళ్ల మీది గార కూడా ఇప్పుడు సాక్ష్యం చెబుతున్నాయి. రెండవది గ్రంథాలు, శాసనాలు. మూడవది భాష. ఒక మొక్క పేరును పరిశీలిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని మనవాళ్లు దేనితో పోల్చుకొన్నారో కొంత తెలుస్తుంది. నాలుగవది అలవాటు. అంటే ఈనాటికీ ఇళ్లలో నడుస్తున్న వంట పద్ధతి, పథ్యం, సాగు మెలకువలు. ఈ నాలుగవ ఆధారం చాలావరకు ఆడవాళ్ల దగ్గర, చిన్న రైతుల దగ్గర, పసరు వైద్యుల దగ్గర ఉంది. అది కాగితం మీదికి వచ్చింది తక్కువ.

చరిత్ర విద్యార్థి ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాలి. ఒక అలవాటు ఈనాడు ఉన్నంత మాత్రాన అది వెయ్యేళ్ల నాటిదని చెప్పడానికి వీలులేదు. అలాగే గ్రంథంలో లేదన్న కారణంతో అది ఆ కాలంలో లేదని చెప్పడానికీ వీలులేదు. ఒక ఆధారాన్ని మరొకదానితో సరిచూసుకొంటూ పోవాలి.

9.3 ప్రాచీన కాలంలో మూలికలు

హర్యానాలోని ఫర్మానా హరప్పా నాగరికతకు చెందిన స్థలం. అక్కడ దొరికిన వంట పాత్రల మీద, మనుషుల పళ్ల మీద ఉన్న పిండి కణాలను పరిశోధకులు సూక్ష్మదర్శినితో పరీక్షించారు. వాటిలో పసుపు, అల్లం ఆనవాళ్లు కనిపించాయి. అంటే సుమారు 4,500 సంవత్సరాల క్రితమే ఈ రెండూ వంటలో ఉన్నాయి. ఈ సంగతి మనకు ఏ గ్రంథమూ చెప్పలేదు. కడగగా మిగిలిన కుండ చెప్పింది.

గ్రంథాలకు వస్తే చరక సంహిత ముఖ్యమైనది. దాని సూత్రస్థానంలోని 27వ అధ్యాయం అన్నపానాలకు సంబంధించినది. అందులో ధాన్యాలు, పప్పులు, మాంసం, ఆకుకూరలు, పండ్లు మొదలైన వాటిని వర్గాలుగా విభజించి ఒక్కొక్కదాని గుణాలు చెప్పారు. పచ్చిగా వాడే అల్లం, ముల్లంగి, తులసి, వాము, వెల్లుల్లి వంటివాటికి హరిత వర్గం అని ప్రత్యేకంగా ఒక వర్గమే ఉంది. దీన్ని వైద్య గ్రంథంలోని అధ్యాయమనీ అనవచ్చు, వంటింటి పట్టిక అనీ అనవచ్చు. ఆహారానికీ ఔషధానికీ మధ్య ఈనాడు మనం గీసే గీత ఆ గ్రంథకర్తలు గీయలేదు.

అదే గ్రంథం మొదటి అధ్యాయంలో మన చర్చకు పనికివచ్చే మరో మాట ఉంది. మేకలు, గొర్రెలు, ఆవులు కాసేవారికి, అడవిలో బతికేవారికి మూలికల పేర్లూ రూపాలూ తెలుసునని అక్కడ ఒప్పుకొన్నారు. ఆ వెంటనే, పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన చాలదని, ఎవరికి ఎప్పుడు ఎంత ఇవ్వాలో తెలిసినవాడే వైద్యుడని చెప్పారు. ఈ రెండు మాటలనూ కలిపి చదవండి. కాపరుల దగ్గర నేర్చుకొన్నామన్న ఒప్పుకోలు మొదటిదానిలో ఉంది. వాళ్లకన్నా తాము పైమెట్టు మీద ఉన్నామన్న భావన రెండవదానిలో ఉంది. తెలిసినవారు ఒకరు, గ్రంథస్థం చేసేవారు మరొకరు అన్న విభజన అంత పాతది.

మూలికలు నాటించడం రాజు పని అని చెప్పిన తొలి లిఖిత సాక్ష్యం అశోకుని రెండవ శిలాశాసనం. క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన ఈ శాసనం మనుషులకు, పశువులకు పనికివచ్చే మూలికలను, వేళ్లను, పండ్లను అవి లేని చోట్లకు తెప్పించి నాటించామని చెబుతుంది. తన రాజ్యంలోనే కాక దక్షిణాన చోళ, పాండ్య దేశాల్లోనూ ఈ ఏర్పాటు చేశామని అశోకుడు ప్రకటించాడు. ఈ శాసనం ప్రతిని చూడటానికి మీరు దూరం వెళ్లనక్కరలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గరి బండల మీద అది చెక్కి ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
అ) పెరటి మొక్కల చరిత్రకు ఉన్న నాలుగు రకాల ఆధారాలు ఏవి?
ఆ) ఫర్మానా పరిశోధనల వల్ల ఏం తెలిసింది?
ఇ) అశోకుని రెండవ శిలాశాసనం మూలికల గురించి ఏం చెబుతుంది?

9.4 పెరడు, వంటిల్లు, పథ్యం

మధ్యయుగ ఆంధ్రదేశంలో వైద్యానికి దానాలు ఇచ్చిన దాఖలాలు ఉన్నాయి. కాకతి రుద్రమదేవి కాలానికి చెందిన 1261 నాటి మల్కాపురం శాసనం గోళకీ మఠానికి అనుబంధంగా ఒక ఆరోగ్యశాలను, ఒక ప్రసూతిశాలను పేర్కొంటుంది. ఏడున్నర శతాబ్దాల క్రితం కృష్ణా తీరంలో కాన్పుల కోసం ఒక ప్రత్యేకమైన ఏర్పాటు ఉండటం గొప్ప సంగతే. తెలుగునాట వైద్యులు ఎక్కువగా వాడిన బసవరాజీయం వంటి గ్రంథాలు సంస్కృత శ్లోకాలతో పాటు తెలుగులోనూ విషయాన్ని వివరించాయి.

అయితే ఆరోగ్యశాలలు కొద్ది చోట్లే ఉండేవి, ఊళ్లు వేలల్లో ఉండేవి. మామూలు జనానికి మొదటి వైద్యం ఇంటి దగ్గరే జరిగేది. దాని పద్ధతిని ఈనాటి అలవాట్ల నుంచి కొంత ఊహించవచ్చు. నాలుగు ఉదాహరణలు చూద్దాం.

కరివేపాకు: పెద్ద చెట్టు వేళ్ల నుంచి లేచే పిలకను మట్టితో సహా తవ్వి నాటుతారు. పుల్లటి మజ్జిగ మొదట్లో పోస్తే చెట్టు ఏపుగా వస్తుందని చాలా ఇళ్లలో నమ్మకం. ఆకు పోపులో పడుతుంది, ఎండబెట్టి కారప్పొడి కొడతారు. నోటికి రుచి తెలియని జ్వరం మనిషికి ఆ పొడితోనే మొదటి ముద్ద కలుపుతారు.

కొత్తిమీర: ధనియాలను అలాగే చల్లితే సరిగా మొలవవు. చేత్తోనో చెప్పుతోనో మెల్లగా నలిపి, రెండు బద్దలు చేసి చల్లాలి. ధనియంలో రెండు గింజలు ఉంటాయన్న వృక్షశాస్త్ర విషయం ఈ పద్ధతిలో ఇమిడి ఉంది. చేసేవారికి ఆ శాస్త్రం పేరు తెలియకపోవచ్చు, పని మాత్రం తెలుసు. ఆకు పచ్చడికి, గింజ చారుపొడికి, అదే గింజ వేసి కాచిన నీళ్లు ఒంటి వేడికి.

తులసి: వెన్నులు వచ్చినప్పుడల్లా తుంచివేస్తే ఆకు గుబురుగా వస్తుంది. వదిలేస్తే మొక్క గింజ కట్టి ముదిరిపోతుంది. పూజ కోసం రోజూ కోసే ఇంట్లో తులసి బాగా ఉండటానికి ఒక కారణం ఇదే. పిల్లలకు పడిశం పడితే ఆకు రసం తేనెతో నాకిస్తారు.

వాము ఆకు: వాసన వామును పోలి ఉంటుంది కాబట్టి ఈ పేరు. నిజానికి వాము మొక్క వేరు, ఇది వేరు. చిన్న కొమ్మ తుంచి తడి మట్టిలో గుచ్చితే చాలు, బతుకుతుంది. వాన కాలంలో ఆకుతో బజ్జీలు వేస్తారు, దగ్గుకు వెచ్చజేసి రసం తీస్తారు.

ఈ నాలుగింటిలోనూ మీరు గమనించవలసింది ఒకటే. నాటడం తెలిసిన చెయ్యే వండింది, వండిన చెయ్యే మందు కలిపింది. ఎప్పుడు కోయాలి, ఎంత వేయాలి, ఎవరికి పెట్టకూడదు అన్నవి వేరువేరు శాస్త్రాలు కావు. 'పథ్యం' అనే మాటలో ఆహారమూ వైద్యమూ రెండూ ఉన్నాయి. బాలింతకు శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, బెల్లం కలిపి చేసే కాయం దీనికి మంచి ఉదాహరణ. దాన్ని మందు అనాలా, తిండి అనాలా అంటే చేసిపెట్టేవారు నవ్వుతారు.

9.5 సముద్రం మీదుగా వచ్చినవి

పెరడు ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. ధనియాలు, మెంతులు ప్రాచీన కాలంలోనే పడమటి దేశాల వైపు నుంచి వచ్చి మనవైపోయాయి. 16వ శతాబ్దిలో పోర్చుగీసు ఓడల ద్వారా అమెరికా ఖండపు మిరప వచ్చింది. అంతకు ముందు మన వంటలో కారం అంటే మిరియాలు, పిప్పళ్లు, అల్లం. ఈ మార్పుకు భాషే సాక్ష్యం. తెలుగులో మిరియం - మిరపకాయ, తమిళంలో మిళగు - మిళగాయ్, కన్నడంలో మెణసు - మెణసినకాయి. మూడు భాషల వారూ కొత్త కాయకు పాత మిరియం పేరే సాగదీసి పెట్టుకొన్నారు. మిరియం తీగకు తగిన వాన, నీడ ఉన్న చోటే పండుతుంది. మిరప ఏ పెరట్లోనైనా కాస్తుంది. అందుకే అది పేదవాడి కారమైంది. అయినా దగ్గుకు, జలుబుకు మనం ఇప్పటికీ మిరియాల చారే కాచుకొంటాం. కొత్తది వంటలోకి తొందరగా వచ్చింది, వైద్యంలో పాతది నిలబడింది.

ఇదే కాలంలో ఐరోపావారు మన మొక్కల గురించి రాయడం మొదలుపెట్టారు. గార్సియా ద ఓర్తా పోర్చుగీసు వైద్యుడు. 1534లో గోవా చేరి, 1563లో అక్కడే భారతదేశపు మూలికల మీద సంభాషణల రూపంలో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. పాత గ్రీకు గ్రంథాల కన్నా తాను కళ్లతో చూసినదానికే విలువ ఇచ్చాడు. ఆ సంభాషణల్లో ఆంటోనియా అనే దాసి కనిపిస్తుంది. యజమాని ఏదైనా మొక్క గురించి అడిగితే ఆమె వెళ్లి తెస్తుంది. వైద్యుడి పేరు ఐరోపా అంతటా మారుమోగింది. ఆమె గురించి ఆ కొద్ది మాటలకు మించి మనకు తెలియదు. ఓర్తాకూ చరిత్ర మేలు చేయలేదు. అతని పూర్వీకులు యూదులు కావడంతో, చనిపోయిన పన్నెండేళ్లకు, 1580లో, మత విచారణ సంస్థ అతని ఎముకలను తవ్వించి కాల్చివేసింది.

9.6 హోర్టస్ మలబారికస్

1663లో డచ్చివారు పోర్చుగీసుల నుంచి కొచ్చిన్‌ను గెలుచుకొన్నారు. 1670లలో అక్కడ అధికారిగా ఉన్న హెండ్రిక్ వాన్ రీడ్ మలబారు మొక్కల మీద ఒక బృహద్గ్రంథానికి పూనుకొన్నాడు. దాని పేరు హోర్టస్ మలబారికస్, అంటే మలబారు తోట. లాటిన్ భాషలో 12 సంపుటాలుగా 1678 - 1693 మధ్య ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. ఏడు వందలకు పైగా మొక్కల బొమ్మలు, వర్ణనలు, వైద్య ప్రయోజనాలు ఇందులో ఉన్నాయి.

వాన్ రీడ్‌కు ఇదంతా చెప్పింది ఎవరు? ఇక్కడే ఈ గ్రంథం మిగతావాటికన్నా భిన్నంగా నిలుస్తుంది. మొదటి సంపుటంలోనే కొన్ని ధ్రువీకరణ పత్రాలు అచ్చు వేశారు. ఒకటి ఇట్టి అచ్యుతన్ అనే వైద్యుడిది. అతడు ఈళవ కులస్థుడు, తరతరాల వైద్య కుటుంబానికి చెందినవాడు. తన గ్రంథంలో ఉన్న మూలికల పేర్లను, గుణాలను చెప్పి రాయించానని 1675లో తన భాషలో, తన లిపిలో సంతకంతో ధ్రువీకరించాడు. మరొకటి రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే ముగ్గురు కొంకణి వైద్యులది. అనువదించిన దుబాసీ పేరు కూడా ఉంది.

ఆనాటి సమాజంలో కింది మెట్టుగా చూడబడిన కులానికి చెందిన వైద్యుడు, విదేశీ గ్రంథంలో, స్వంత లిపిలో తన మాటకు తానే సాక్ష్యం చెప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆ గ్రంథానికి ఇట్టి అచ్యుతన్ వంటి ఈళవ వైద్యుల జ్ఞానమే ప్రధానమైన ఆధారమని రిచర్డ్ గ్రోవ్ అనే చరిత్రకారుడు వాదించాడు. అయితే దీన్ని కేవలం ఔదార్యంగా చూడకూడదు. డచ్చి కంపెనీ వైద్యులకు, సిపాయిలకు మందులు కావాలి. ఐరోపా నుంచి తెప్పించుకొన్న మందులు దారిలోనే పాడయ్యేవి. స్థానికంగా దొరికే మూలిక తెలిస్తే ఖర్చు తగ్గుతుంది. జ్ఞాన తృష్ణ, కంపెనీ అవసరం రెండూ కలిసి ఈ పుస్తకాన్ని పుట్టించాయి.

తరువాతి కథ కూడా తెలుసుకోండి. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలకు రెండు మాటల పేర్లు పెడుతూ, భారతీయ మొక్కల విషయంలో ఈ గ్రంథం మీద బాగా ఆధారపడ్డాడు. ఇక మన కేరళలో అది చాలాకాలం ఎవరికీ అందని లాటిన్ పుస్తకంగానే ఉండిపోయింది. వృక్షశాస్త్ర ఆచార్యుడు కె. ఎస్. మణిలాల్ దశాబ్దాల పాటు శ్రమించి దాన్ని ఇంగ్లీషులోకి, ఆ తరువాత మలయాళంలోకి తెచ్చారు. ఇంగ్లీషు అనువాదం 2003లో వెలువడింది. ఇట్టి అచ్యుతన్ చెప్పిన మాట అతని భాషవారికి చేరడానికి మూడు వందల ఏళ్లకు పైగా పట్టింది.

9.7 కోరమాండల్ తీరంలో వృక్షశాస్త్రం

ఇప్పుడు తెలుగు తీరానికి వద్దాం. మీ ఇంటి కరివేపాకు శాస్త్రీయ నామం ముర్రయా కోనిగై. ఇందులో రెండవ మాట యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ పేరు మీద వచ్చింది. అతడు లిన్నేయస్ శిష్యుడు. తరంగంబాడిలోని డేనిష్ స్థావరానికి వైద్యుడిగా వచ్చి, తరువాత ఇంగ్లీషు కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో విరేచనాల జబ్బుతో చనిపోయాడు. ఆ సమయంలో అతనికి వైద్యం చేసినవాడు విలియం రాక్స్‌బరో.

రాక్స్‌బరో 1781 నుంచి సామర్లకోటలో కంపెనీ వైద్యుడు. అక్కడ ఒక తోట పెంచి, మిరియాలు, కాఫీ, దాల్చిన వంటివి ఈ నేలలో వస్తాయో రావో పరీక్షించాడు. అతని పరిశోధనల ఫలితమే 1795 నుంచి లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం. అందులో 300 బొమ్మలున్నాయి. మొక్కల తెలుగు పేర్లను రాక్స్‌బరో శ్రద్ధగా నమోదు చేశాడు. పేర్లు నమోదయ్యాయంటే చెప్పినవారు ఉన్నారన్నమాట. కాని కొచ్చిన్‌లో ఇట్టి అచ్యుతన్‌కు దొరికిన పేజీ వంటిది సామర్లకోట చుట్టుపక్కల తెలుగువారికి ఈ గ్రంథంలో దొరకలేదు. కరివేపాకు కోనిగ్ పేరును మోస్తోంది. దాన్ని అతని విస్తట్లో వేసినవారి పేరు మనకు రాలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
అ) మిరప విదేశాల నుంచి వచ్చిందనడానికి భాష ఎలా సాక్ష్యం చెబుతుంది?
ఆ) హోర్టస్ మలబారికస్‌లోని ధ్రువీకరణ పత్రాల ప్రాముఖ్యం ఏమిటి?
ఇ) కోనిగ్, రాక్స్‌బరోలకు తెలుగు ప్రాంతంతో ఉన్న సంబంధం ఏమిటి?

9.8 పసుపు పేటెంటు వివాదం

పేరు నిలవకపోతే ఏం పోయింది అని మీరు అడగవచ్చు. 1995లో జరిగిన ఒక సంఘటన దీనికి జవాబు చెబుతుంది.

ఆ ఏడాది మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం గాయాలను మాన్పడానికి పసుపును వాడటంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు మంజూరు చేసింది. దెబ్బ తగిలితే పసుపు అద్దడం మన దేశంలో పిల్లలకు కూడా తెలుసు. అయినా ఆనాటి అమెరికా చట్టం ప్రకారం, పరాయి దేశంలో జనం వాడుకలో ఉన్న విషయం 'ముందే తెలిసిన విషయం' కింద లెక్కకు రాదు. అది ఎక్కడైనా అచ్చులో ఉండాలి, లేదా పేటెంటు పొంది ఉండాలి. కోట్ల ఇళ్లలో రోజూ జరిగే పని రుజువు కాలేకపోయింది.

మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి అప్పుడు ఆర్. ఎ. మషేల్కర్ నాయకత్వంలో ఉంది. ఆ సంస్థ ఈ పేటెంటును సవాలు చేసింది. 30కి పైగా లిఖిత ఆధారాలను సమర్పించింది. వాటిలో సంస్కృత గ్రంథాలతో పాటు 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం కూడా ఉంది. 1997లో పేటెంటు రద్దయింది. వేపకు సంబంధించిన ఒక పేటెంటును కూడా ఐరోపా పేటెంటు కార్యాలయం 2000లో రద్దు చేసింది. దానిపై వచ్చిన అప్పీలును 2005లో కొట్టివేసింది.

ఈ అనుభవం వల్ల 2001లో సాంప్రదాయిక జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పని మొదలైంది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ గ్రంథాల్లోని యోగాలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి మార్చి, పేటెంటు అధికారులు వెతికి చూసుకొనే వీలు కల్పించారు. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. దాని కింద స్థానిక సంస్థల స్థాయిలో యాజమాన్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఏర్పడ్డాయి.

ఒక తేడాను జాగ్రత్తగా గమనించండి. డిజిటల్ గ్రంథాలయానికి ఆధారం ముఖ్యంగా గ్రంథాలు. అంటే ఒకప్పుడు ఎవరో రాసిపెట్టినది. ఎవరూ రాయనిది, మీ ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రమే తెలిసినది అందులో చేరదు. దాన్ని నమోదు చేయవలసింది ఊరి రిజిస్టరు. ఆ రిజిస్టరు ఎంత బాగా ఉంటుందన్నది ఆ ఊళ్లో అడిగేవారి మీద, చెప్పేవారి మీద ఆధారపడుతుంది.

9.9 అనుభవం, పరీక్ష

ఇంతవరకు చదివి, పాతకాలం నుంచి వచ్చినదంతా నిజమేనని మీరు అనుకొంటే పొరపాటు. అనుభవం ఒక ఆచూకీ ఇస్తుంది. ఆ ఆచూకీని రుజువు చేయవలసింది పరీక్ష. రెండు ఉదాహరణలు చాలు.

అడ్డసరం ఆకును దగ్గుకు, ఆయాసానికి వాడటం చాలా పాత పద్ధతి. దాని శాస్త్రీయ నామంలోని అధతోడ అనే మాట కూడా తమిళంలో ఆడాతోడై అనే పేరుకు దగ్గరగా ఉంది. ఆ ఆకులోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారంగా చేసుకొని రసాయన శాస్త్రవేత్తలు బ్రోమ్‌హెక్సిన్ అనే మందును తయారు చేశారు. ఈనాటి చాలా దగ్గు మందుల్లో అది ఉంది. ఇక్కడ పరీక్ష పాత మాటను బలపరిచింది.

బిళ్లగన్నేరు కథ మరో రకం. మడగాస్కర్‌కు చెందిన ఈ పూల మొక్క ఇప్పుడు మన ప్రతి వాకిట్లో ఉంది. అనేక దేశాల్లో దీని ఆకును మధుమేహానికి వాడేవారు. 1950లలో కెనడాలో శాస్త్రవేత్తలు ఆ వాడుకను పరీక్షించబోతే, ఆకు సారం రక్తంలోని తెల్ల కణాలను తగ్గించడం కనిపించింది. అలా 1958లో విన్‌బ్లాస్టిన్ వెలుగులోకి వచ్చింది. అది క్యాన్సరు మందు అయింది. జనం చెప్పిన జబ్బు వేరు, మందు పనికివచ్చిన జబ్బు వేరు. అంత శక్తి ఉన్న పదార్థం కాబట్టే ఈ ఆకును ఇంట్లో నమిలి తినడం, కషాయం కాచి తాగడం ప్రమాదకరం. ఆ అలవాటు ఉన్నవారు మీ ఇంట్లో ఉంటే ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

చివరగా నా స్వంత అనుభవం ఒకటి చెప్పి ఈ పాఠాన్ని ముగిస్తాను. నా పరిశోధన పట్టా కోసం మద్రాసులో, హైదరాబాదులో పాత దస్తావేజులకు నకళ్లు రాసుకొంటూ నేను ఆరేళ్లు గడిపాను. ఆ ఏళ్లలోనే మా ఊళ్లో మా అమ్మ చుట్టుపక్కల బాలింతలకు కాయం చేసి ఇచ్చేది. సెలవులకు వెళ్లినప్పుడు నేను వసారాలో కూర్చొని కాగితాలు సరిచూసుకొంటుంటే, వంటింట్లో పిప్పళ్లు వేగుతున్న వాసన వచ్చేది. రెండు వందల ఏళ్ల కిందటి గుమాస్తా రాసిన లెక్కలన్నీ నకలు చేసుకొన్నవాణ్ని, ఆ కాయంలో ఏ దినుసు ఎంతో ఒక్కసారి అడిగి రాసుకోలేదు. ఆమె పోయిన తరువాత మా అక్కచెల్లెళ్లను అడిగితే ముగ్గురూ మూడు కొలతలు చెప్పారు. మిరియాలు ముందు వేయించాలా, వాము ముందు వేయించాలా అన్నదగ్గరే వాళ్లకు మాట కలవలేదు. మూడు రకాలుగానూ చేసి చూశాం. ఏదీ అది కాదు. పోయిన ఆధారాన్ని ఏ భాండాగారమూ తిరిగి ఇవ్వలేదు. మీకు ఇంకా సమయం ఉంది.

9.10 సారాంశం

పెరటి మొక్కల విషయంలో పంట, వంట, వైద్యం ఒకే జ్ఞానానికి మూడు ముఖాలు. హరప్పా కాలపు కుండలు, చరక సంహిత, అశోకుని శాసనం ఈ జ్ఞానం ఎంత పాతదో చెబుతున్నాయి. 16వ శతాబ్ది నుంచి కొత్త మొక్కలు వచ్చి చేరాయి, ఐరోపావారు ఇక్కడి మొక్కల మీద గ్రంథాలు రాశారు. హోర్టస్ మలబారికస్‌లో స్థానిక వైద్యుల పేర్లు నిలిచాయి. చాలా గ్రంథాల్లో అలా నిలవలేదు. రాయని జ్ఞానం పేటెంటు కార్యాలయంలో రుజువు కాదని పసుపు వివాదం చూపింది. అనుభవాన్ని గౌరవిస్తూనే పరీక్షకు పెట్టాలని, ముందుగా దాన్ని నమోదు చేయాలని ఈ యూనిట్‌లో తెలుసుకొన్నాం.

9.11 కీలక పదాలు

పథ్యం: రోగికి, బాలింతకు తగినదిగా నిర్ణయించిన ఆహార నియమం.
హరిత వర్గం: చరక సంహితలో పచ్చిగా వాడే మూలికలు, దుంపలు చేరిన వర్గం.
దుబాసీ: రెండు భాషలు తెలిసి, ఒకరి మాట మరొకరికి చెప్పే మధ్యవర్తి.
పేటెంటు: కొత్తగా కనుగొన్నదానిపై నిర్ణీత కాలానికి ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక హక్కు.
మౌఖిక ఆధారం: రాతలో కాక మాటగా, అలవాటుగా అందిన సాక్ష్యం.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు, క్షేత్ర అభ్యాసం

I. కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పెరటి మొక్కల జ్ఞానంలో పంట, వంట, వైద్యం ఎలా కలిసి ఉన్నాయో వివరించండి.
2. భారతీయ మూలికల మీద ఐరోపావారి గ్రంథాలలో స్థానికుల పాత్రను పరిశీలించండి.
3. పసుపు పేటెంటు వివాదాన్ని, దాని ఫలితాలను చర్చించండి.

II. కింది వాటికి సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. చరక సంహిత కాపరుల జ్ఞానం గురించి ఏమంటుంది?
2. గార్సియా ద ఓర్తా
3. బిళ్లగన్నేరు ఉదాహరణ వల్ల ఏం నేర్చుకొంటాం?

III. క్షేత్ర అభ్యాసం
మీ ఇంట్లో లేదా వీధిలో 60 ఏళ్లు దాటిన ఒకరిని ఎంచుకోండి. వారు పెంచే ఒక్క మొక్క గురించి అడగండి: ఎక్కడి నుంచి తెచ్చారు, ఎలా నాటారు, ఏ వంటలో వేస్తారు, ఏ జబ్బుకు వాడతారు, ఎవరికి ఇవ్వకూడదు, ఎవరి దగ్గర నేర్చుకొన్నారు. కొలతలను వారు చెప్పినట్టే, పిడికెడు, చిటికెడు అని రాయండి. తరువాత తూచి గ్రాములు పక్కన రాయండి. వారు ఒప్పుకొంటే పేరు, ఊరు, తేదీ రాసి, వారికి చదివి వినిపించి సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోండి. 1675లో కొచ్చిన్‌లో చేసిన పని ఇదే. ఒక ప్రతిని మాకు పంపండి, రెండవది చెప్పినవారి ఇంట్లో ఉంచండి.